తులసమ్మ మూసిన కన్నం

మా క్యాంపులో ఏ ఇంటి స్నానాల గదిలోకైనా వెళ్ళి తలెత్తి చూడండి. కప్పుకు జానెడు కింద, బయటి గోడలో, రెండిటుకలు తీసినంత కన్నం కనపడుతుంది. పురుగూ పుట్రా రాకుండా దానికి ఇనుప జాలీ బిగించి ఉంటుంది. ఆ కన్నాలు పెట్టించింది నేను. సగం నా చేత్తోనే కొట్టాను, డెబ్బై దాటిన వయసులో, ఉలీ సుత్తీ పట్టుకుని.

రాయబోయేది మాత్రం నా గురించి కాదు, నా భార్య తులసమ్మ గురించి. ఆమె నాకు చేసిన ద్రోహం గురించి. ద్రోహమనే మాట చాలా పెద్దదని మా అబ్బాయి కోటి అంటాడు. జీవితమంతా నా కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్న మనిషి చేసినప్పుడు అంతకంటే చిన్న మాట ఎక్కడ దొరుకుతుంది?

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు యలమందయ్య. మాది బాపట్ల వైపు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్ళొచ్చిన కొత్తలో మా నాన్న అక్కడున్న కాస్త పొలం అమ్ముకుని, ఇక్కడ రాయచూరు జిల్లాలో నల్లరేగడి కొన్నాడు. అలా వచ్చి డేరాలు వేసుకున్న మా వాళ్ళ ఊళ్ళను ఇక్కడివాళ్ళు క్యాంపులన్నారు. డేరాలు పోయి డాబాలొచ్చాయి, పేరు మాత్రం క్యాంపే. పూరిపాకలో నడిచిన బడిలో నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే తుమ్మలు పీకించి నేలను మడి చేశాను. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందడం లేదని ఇంజనీరు జీపుకు అడ్డంగా పడుకుని, కన్నడంలో మాట్లాడి, నీళ్ళు తెప్పించాను. క్యాంపుకు కరెంటు నా హయాంలో వచ్చింది. బస్సు నా అర్జీతో వచ్చింది. రామాలయానికి పునాదిరాయి మోసిన నలుగురిలో నేనొకణ్ణి. మిగతా వాళ్ళిప్పుడు లేరు. నీటి సంఘానికి పోటీ లేకుండా అధ్యక్షుణ్ణయ్యాను, ఒక్కసారి కాదు. ఇవన్నీ ఎవరినడిగినా చెబుతారు.

తులసమ్మ ఈ క్యాంపుకు ఒక రాగి బాయిలరుతో వచ్చింది. మా మామగారు సారెతో పాటు పంపాడు. నడుమ నిప్పుగొట్టం, చుట్టూ నీళ్ళు, పక్కన ఇత్తడి కొళాయి. రాయచూరు స్టేషన్లో దిగి, కొంత దూరం లారీలో, ఆపైన ఎద్దుబండిలో వచ్చాం. కుదుపులకు సొట్టలు పడతాయని ఆ బాయిలరును రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. చోటు చాలక పెళ్ళికొడుకును నేను బండి వెనకాల నడిచాను.

"మామగారు పిల్లనిచ్చాడా, బాయిలరునిచ్చి తోడుగా పిల్లను పంపాడా?" అన్నాను దారిలో.

తల వంచుకునే జవాబు చెప్పింది. "పిల్లకు సొట్టలు పడినా ఎవరికీ కనపడవండీ. దీనికి పడితే అందరికీ కనపడతాయి."

అంత పెద్ద మాట ఆమె నోట మళ్ళీ చాలా ఏళ్ళు వినలేదు. నేను ఏది చెప్పినా "అలాగేనండి" అనేది. పొలం కొందామంటే అలాగేనండి. అమ్ముదామంటే అలాగేనండి. అటువంటి ఇల్లాలు దొరికినందుకు నన్ను చూసి అసూయపడ్డవాళ్ళున్నారు.

ఆ బాయిలరు నిప్పు ఆమెది. పత్తికట్టె విరిచి గొట్టంలో వేసి, పైన గుప్పెడు ఊక చల్లేది. మా నాన్నకు నీళ్ళు ఎంత మరగాలో, నాకు ఎంతో, పిల్లలకు ఎంతో మళ్ళీ అడిగేది కాదు. ఎంత చలిలోనైనా మా ఇంట్లో ఎవరూ చన్నీళ్ళు ముట్టలేదు.

మొదటి కాన్పులో ఆడపిల్ల. పుష్యమాసం. అప్పటికి మాకు గోడల్లేవు, జొన్నచొప్పతో కట్టిన దడి. వరికోతలైపోతే ఈ రేగడి మీద గాలికి అడ్డేమీ ఉండదు. కాలువ మీదుగా వచ్చి ఎముకల్లో దిగుతుంది. పిల్లకు రొంప పట్టి, ఎగశ్వాస వచ్చి, మాన్వి ఆసుపత్రికి చేరేలోగా బండిలోనే పోయింది. పేరు కూడా పెట్టలేదు. ఊపిరితిత్తుల జబ్బన్నాడు అక్కడి డాక్టరు. ఇంటికొచ్చాక తులసమ్మ దడిలో ఒక సందు నాకు చూపించింది.

"ఇందులోంచి వచ్చిందండీ," అంది.

ఆ రోజే పేడా మట్టీ కలిపి దడంతా మెత్తింది. ఆ తరవాత ఇటుక గోడలొచ్చాయి, సిమెంటు వచ్చింది. ఆమె మాత్రం ఎక్కడ సందు కనపడినా మూసేది. తలుపు కింద పాతచీర చుట్టి పెట్టేది. నేను కిటికీ తెరిచి బయటికి వెళితే తిరిగొచ్చేసరికి మూసి ఉండేది. నేను తెరవడం, ఆమె మూయడం. మా కాపురంలో తగువంటూ ఉంటే ఇదొక్కటే. అది కూడా నోటితో కాదు, చేతులతో.

ఇక కన్నాల సంగతి. కొన్నేళ్ళ కిందట గ్యాస్ గీజర్లు వచ్చాయి. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని చోట అది దేవుడిచ్చిన వరంలా ఉండింది. కొళాయి తిప్పితే చాలు, వేణ్ణీళ్ళు. రాగి బాయిలర్లు పెరట్లోకి పోయాయి. ఆ చలికాలమే పక్క క్యాంపులో పెళ్ళి కావలసిన కుర్రాడు స్నానానికి వెళ్ళి బయటికి రాలేదు. ఏదో పని మీద ఆ వీధిలోనే ఉన్నాను. తలుపు పగలగొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఒంటి మీద దెబ్బ లేదు, గాటు లేదు. గది కిటికీ గోనెసంచితో గట్టిగా కుక్కి ఉంది, చలికి. గీజరు మంట గదిలోని గాలినంతా తినేసి, కంటికి కనపడని, వాసన లేని విషం వదులుతుందని డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. మర్నాడు పొద్దున్నే ఉలీ సుత్తీ తీసుకుని మొదట మా స్నానాల గదికి కన్నం పెట్టాను. గీజరును అసలు బయటి గోడకే పెడదామన్నాను కానీ, గొట్టంలోనే నీళ్ళు చల్లారిపోతాయని కోటి ఒప్పుకోలేదు. సరే, కన్నం ఉంటే చాలనుకున్నాను. తరవాత ఇల్లిల్లూ తిరిగాను. గోడ పాడవుతుందన్న వాళ్ళతో పోట్లాడాను. క్యాంపులో టీ హోటలు నడిపే ఈరప్ప నాకో పేరు పెట్టాడు: కన్నాల పెద్దయ్య.

"దొంగలు రాత్రిపూట కన్నమేస్తరు. మా పెద్దయ్య పట్టపగలే ఏస్తడు. పోలీసోళ్లు గూడ సలాం గొడ్తరు," అనేవాడు, అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ కార్తీక పౌర్ణమి వెళ్ళాక క్యాంపంతా ఒక చుట్టు తిరుగుతాను, చేతికర్ర పట్టుకుని. మా బోరునీళ్ళు ఉప్పనివి. గీజరు లోపలి రాగిగొట్టంలో సున్నంలా తెల్లగా పేరుకుంటుంది, నీళ్ళు సన్నగా వస్తాయి, మంట మాత్రం ఎక్కువ మండుతుంది. అందుకని చలి ముదరక ముందే విప్పి కడిగించాలి. గ్యాస్ గొట్టానికి సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. వంటింటి తూములో చలికి నూనె గడ్డకట్టి నీళ్ళు వెనక్కి తంతాయి. వారానికోసారి మరిగే నీళ్ళు పోయాలి. నీళ్ళల్లో పెట్టే హీటరు కడ్డీ తీగ ఎలక కొరికిందేమో చూడాలి. పాత బాయిలరు వాడేవాళ్ళు పొగగొట్టం మసి దులపాలి. ఇవన్నీ చెప్పి, చివర్న స్నానాల గదిలోకి వెళ్ళి కర్రతో కన్నాన్ని తట్టేవాణ్ణి. "తెరిచే ఉంది తాతయ్యా, చూడండి," అనేవారు ఆడవాళ్ళు. ఒక్క ఇంట్లో కూడా మూసి ఉన్న కన్నం నాకు కనపడలేదు. మా క్యాంపులో ఒక్క ప్రమాదం జరగలేదు.

అందుకు రామాలయం దగ్గర నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆకుపచ్చ శాలువా కప్పారు. చిక్కటి ఉన్ని శాలువా. నాకు చాలా సన్మానాలు జరిగాయి కానీ, ఆ శాలువా విలువ వేరు. ప్రాణాలు కాపాడినందుకు ఇచ్చింది అది. తులసమ్మ దాన్ని మడతపెట్టి ఇనప్పెట్టెలో దాచింది.

పోయిన మార్గశిరంలో మా మనవరాలు భావన కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కోటి కూతురు. బెంగళూరులో ఉద్యోగం. మగపిల్లవాణ్ణి కన్నది. ముని మనవణ్ణి చేతుల్లోకి తీసుకున్నాను. ఆ సంతోషం రాయడానికి నా ఏడో తరగతి చాలదు.

బాలింతకు మా వాళ్ళ పద్ధతులు మీకు తెలిసినవే. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్ళకు మేజోళ్ళు, గదిలో సాంబ్రాణి. గాలి సోకకూడదు. పక్క ఊరి హనుమమ్మ రోజూ వచ్చి నువ్వులనూనె పట్టించి తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసేది. ఆమె పాత రాయచూరు మనిషి. బాలింతను కన్నడంలో బాణంతి అనేది.

మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "సాంబ్రాణి వేయండి, దూది పెట్టండి, మీ ఇష్టం. స్నానాల గది కన్నం మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు."

"గట్లనే పెద్దయ్యా," అంది హనుమమ్మ.

"అలాగే మామయ్యగారూ," అంది కోడలు దేవిక.

"నాకు తెలుసులే తాతయ్యా, నేను చదువుకున్నాను," అంది భావన.

"అలాగేనండి," అంది తులసమ్మ.

రోజూ పొద్దున్నే కాఫీ తాగి, గదిలోకి వెళ్ళి కన్నాన్ని కర్రతో ఒకసారి తట్టి, ఈరప్ప హోటలుకు బయలుదేరేవాణ్ణి. పొద్దెక్కాక వచ్చి మళ్ళీ చూసేవాణ్ణి. మా వీధిలో బండలు పరిచి ఉన్నాయి. నా కర్ర చప్పుడు గేటు నుంచి మలుపు దాకా వినపడుతుంది. నేను గడియారం లాంటి మనిషినని అంటారు. అది నా గొప్పనుకున్నాను.

ఒకరోజు జాలీకి పచ్చటి పోగులు తగులుకుని ఉన్నాయి. మర్నాడు మరికొన్ని.

"పిచ్చుకలు గూడు కడుతున్నట్టున్నాయే," అన్నాను తులసమ్మతో.

"కట్టుకోనివ్వండి, పాపం. చలికాలం కదా," అంది.

పోగులు తీసి పారేస్తే పిచ్చుకకు కష్టమని వాటిని అలాగే వదిలేశాను.

భావనకు తలనొప్పి మొదలైంది. స్నానం చేసి వచ్చాక కళ్ళు తిరుగుతున్నాయనేది. నా మనసు కీడు శంకించింది.

"తులసీ, కన్నం తెరిచే ఉంటోందా?"

"మీరే చూస్తున్నారు కదండీ రోజూ," అంది. అప్పుడామె పిల్లవాడికి పొత్తిగుడ్డ చుడుతోంది. తల ఎత్తలేదు. "చలి తగిలినట్టుంది దానికి. ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి."

ఇంకాస్త జాగ్రత్త అంటే ఏమిటో నాకు తరవాత తెలిసింది.

అది తెలిసిన రోజున ఈరప్ప గబ్బూరులో చుట్టాలింటికి పోయాడు, హోటలుకు తాళం వేసి ఉంది. వెనక్కి తిరిగాను. వడ్ల ట్రాక్టరు ఒకటి మా వీధికి అడ్డంగా ఆగి ఉంటే వెనక సందులోంచి వచ్చాను. ఆ సందంతా వరిగడ్డి పరిచి ఉంది. నా కర్ర చప్పుడు నాకే వినపడలేదు.

మా స్నానాల గది వెనక గోడ ఆ సందులోకే ఉంటుంది. తలెత్తి చూశాను. జాలీ వెనక ఆకుపచ్చగా, నిండుగా, గాలి చొరబడటానికి ఇసుమంత కూడా సందు లేకుండా ఏదో కుక్కి ఉంది. ఒక్క క్షణం పిచ్చుకలనే అనుకున్నాను. తరవాత అంచున జరీ కనపడింది.

రామాలయం దగ్గర నాకు కప్పిన శాలువా.

లోపల గీజరు మంట హోరు వినపడుతోంది. "భావనా!" అని అరిచాను. పలకలేదు. లోపల చెంబు దొర్లిన చప్పుడు, ఆ వెంటనే మెత్తగా ఏదో పడ్డ చప్పుడు. కర్ర పారేసి ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. పెరట్లో తులసమ్మ ఎండలో మంచం మీద పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. హనుమమ్మ సాంబ్రాణికి నిప్పులు ఊదుతోంది. నన్ను చూడగానే ఇద్దరి ముఖాలూ మారిపోయాయి. నేను వేళ కాని వేళ వచ్చాను.

"పెద్దయ్యా, ఏంది గిట్ల ఉరికొస్తివి? నూనె వదిలేదాక నేను పోసి బయటికొచ్చిన, మిగిలిన నీళ్లు పిల్లనే లోపల పోసుకుంటున్నది..."

"తలుపు తియ్యండి! పడిపోయింది!"

కోటి గునపం తెచ్చి గడియ ఊడగొట్టాడు. భావన గోడకు చేరబడి కూర్చున్నట్టే ఉంది, తల పక్కకు వాలిపోయి ఉంది. ముందు గీజరు ఆపాను. దుప్పటి చుట్టి పెరట్లోకి, ఆ చలిగాలిలోకి మోసుకొచ్చాం. తులసమ్మ ఏమందో తెలుసా? ఆ స్థితిలో? "అయ్యో, గాలి సోకుతుందండీ," అంది.

జీవితంలో మొదటిసారి ఆమె మీద చెయ్యెత్తాను. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి అలాగే కిందికి దించుకున్నాను.

పిల్ల ఊపిరి తీస్తోంది, ఆగి ఆగి. కారులో రాయచూరు తీసుకుపోయాం. దారి పొడుగునా అద్దాలు దింపి ఉంచాను, ఎవరూ మూయమనలేదు. ఆసుపత్రిలో ముక్కుకు ప్రాణవాయువు పెట్టారు. డాక్టరమ్మ బయటికొచ్చి కన్నడంలో అడిగింది, గీజరున్న గదిలో గాలి వచ్చే దారి ఉందా, మూసేశారా, ఎన్నాళ్ళుగా ఇలా జరుగుతోంది, నిజం చెప్తేనే వైద్యం అని.

కోడలు దేవిక నాకంటే ముందు నోరు తెరిచింది. "ఉందండీ. మా మామయ్యగారు రోజూ స్వయంగా చూస్తారు. ఆయన చూడకుండా మా ఇంట్లో గీజరు వెలగదు."

అందులో ఒక్కొక్క మాటా నిజమే. అన్నీ కలిపితే అబద్ధం. నా పేరును నా కళ్ళముందే తెరలా కట్టి, దాని వెనక నిలబడింది నా కోడలు.

"మూసేశారమ్మా," అన్నాను నేను. "శాలువా కుక్కారు. తలనొప్పి కొన్నాళ్ళుగా ఉంది. ఎన్నాళ్ళుగా మూస్తున్నారో నాకు తెలియదు. నాకు తప్ప అందరికీ తెలుసు."

డాక్టరమ్మ నన్నూ, దేవికనూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. వరండాలో హనుమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నాకేం ఎర్క పెద్దయ్యా! పెద్దమ్మనే చెప్పింది. పెద్దయ్య కర్ర సప్పుడు మలుపు దాటినంక పెట్టు, మల్ల ఇనబడంగనే తియ్యి అన్నది. ఇంట్ల అందరికి తెల్సు. భావనమ్మనే నవ్వుకుంట అందిచ్చేది, తాతయ్య సెక్యూరిటీ ఒస్తున్నడు, తియ్యండి తియ్యండి అనుకుంట..."

కోటివైపు చూశాను. "నీకూ తెలుసా?"

"నాన్నా, అమ్మ మాట కాదనలేక... ఒక్క నెలే కదా అని..." నేల చూస్తూ అన్నాడు. నీటి సంఘంలో నా తరవాత నా కుర్చీలో కూర్చున్నవాడు వాడే.

భావన గట్టెక్కింది. ఆ సాయంత్రమే కళ్ళు తెరిచి పిల్లవాణ్ణి అడిగింది. ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పాక నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. తులసమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చలిగా ఉంది. ఆమె తల మీద కొంగు కప్పుకుంది.

"ఆ శాలువాయే దొరికిందా నీకు?" అన్నాను.

"పెట్టెలో ఊరికే పడుంది కదండీ. ఒత్తుగా ఉంది. గుడ్డపేలికలు పెడితే గాలి ఆగలేదు."

"ఈ నెలలోనే మొదలుపెట్టావా?"

ఆమె అబద్ధం చెప్పదల్చుకుంటే చెప్పగలిగేదే. చెప్పలేదు.

"మీరు కన్నం కొట్టిన ఏడాది నుంచీ మూస్తూనే ఉన్నానండీ, ప్రతి చలికాలం. అప్పుడు అందరూ రెండు చెంబులు పోసుకుని వచ్చేసేవాళ్ళు, ఏమీ కాలేదు. బాలింతకు ఎక్కువసేపు పోయాలి కదా, అందుకని..."

"నీకొక్కదానికేనా ఈ బుద్ధి, ఇంకెవరికైనా ఉందా?"

ఎదురుగా ఉన్న ఆటోలవైపు చూస్తూ చెప్పింది. "క్యాంపులో అందరూ మూస్తారండీ. పసిపిల్లలున్న ఇళ్ళు కదా. మీరు చూడటానికి బయలుదేరి మొదటి ఇంట్లో ఉండగానే మిగతా ఇళ్ళకు కబురు వెళ్ళేది. తీసేసి ఉంచేవాళ్ళు."

"కబురెవరు పంపేవారు?"

"నేనే."

"ఎందుకు?"

"మీ మాట పోకూడదని. వాళ్ళ పిల్లలకు చలి తగలకూడదని. నాకు రెండూ కావాలి కదండీ."

ఇంజనీరు జీపు ముందు పడుకున్నప్పుడు నేను భయపడలేదు. ఆ మెట్ల మీద భయపడ్డాను. ఇన్నేళ్ళూ ఇల్లిల్లూ తిరిగి నేను చూసింది కన్నాలను కాదు. నా భార్య నాకోసం తెరిపించి ఉంచిన కన్నాలను. మా క్యాంపులో ఒక్క ప్రమాదం జరగలేదని చెప్పుకున్నాను. అది నా జాగ్రత్త కాదు, ఆ పిల్లల అదృష్టం. శాలువా కప్పిన రోజు ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళలో తులసమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. నవ్వుతోంది. అప్పుడా నవ్వు నాకు ఎంత గర్వమనిపించిందో!

శత్రువు మోసం చేస్తే నలుగురికీ చెప్పుకోవచ్చు. నా మీద గౌరవంతో నన్ను మోసం చేశారు. దీన్ని ఏ పంచాయతీలో పెట్టాలి?

ఇంటికొచ్చాక నేనామెతో మాట్లాడలేదు. ఆమె కంచం పెట్టేది, నేను తినేవాణ్ణి. భావన లేచి తిరుగుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని "తాతయ్యా, సారీ," అంది. దాని మీద నాకు కోపం నిలవలేదు. కానీ సెక్యూరిటీ అన్న మాట మాత్రం ముల్లులా లోపలే ఉంది.

ఈరప్ప ఊరుకుంటాడా? "ఏం పెద్దయ్యా, ఊరందరి గోడలకు కన్నమేస్తివి. నీ ఇంట్ల కన్నం ఎవరు పూడ్చిండ్రు మరి?" అన్నాడు. హోటల్లో ఎవరూ నవ్వలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఏముందో వాళ్ళకూ తెలుసు.

మనిషిని నమ్మి పెట్టిన ఏర్పాటు ఏర్పాటే కాదని అప్పుడు నాకర్థమైంది. కన్నం మూయొచ్చు, మూసి తెరవొచ్చు. గీజరును గోడ బయట పెడితే దాని పొగను లోపలికి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఫిట్టరు తిమ్మన్నను పిలిపించి మా గీజరును వెనక గోడకు, రేకుల నీడన, బయట పెట్టించాను. గొట్టం చుట్టూ మందంగా స్పాంజి తొడుగు వేశాడు, నీళ్ళు చల్లారకుండా. ఈసారి కోటి అడ్డు చెప్పలేదు, తానే నిచ్చెన పట్టుకున్నాడు. తరవాత నేను ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాను, వేళ చెప్పకుండా. కన్నాల సంగతి ఎత్తలేదు. మోసం చేశారనీ అనలేదు. "గీజరు బయటికి మార్చుకోండి," అన్నాను, అంతే. ఆడవాళ్ళు నా ముఖం చూడలేదు. చాలామంది మార్చుకున్నారు. కొందరు చూద్దాంలే అన్నారు. వాళ్ళ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాను. ఇంకా వెళతాను.

భావన అత్తవారింటికి వెళ్ళిపోయింది. చలి ఇంకా ఉంది. మొన్న పొద్దున కాఫీ ఇస్తూ తులసమ్మ గడప దగ్గరే ఆగింది.

"ఇప్పుడు మంట బయటే కదండీ. ఆ కన్నం మూసుకోవచ్చా?"

మా కాపురంలో ఆమె ముందుగా అడిగిన మొదటి మాట ఇది. మూయొచ్చు. మూస్తే ప్రమాదమేమీ లేదు, నాకు తెలుసు. అవునని చెప్పడానికి నోరు రాలేదు. వద్దని చెప్పడానికీ రాలేదు. కాఫీ తాగి గ్లాసు ఇచ్చేశాను.

స్నానాల గదిలోకి వెళ్ళి కర్రతో కన్నాన్ని తట్టాను. తెరిచే ఉంది. జాలీకి ఒక్క పోగు కూడా లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు. చల్లగాలి ముఖానికి కొట్టింది.

అది ఎప్పుడూ తెరిచే ఉంటోందో, నేను వస్తున్నానని తెరిచారో నాకు తెలియదు. కావాలంటే తెలుసుకోవచ్చు. కర్ర ఇంట్లో వదిలి, గడ్డి మీదుగా వెనక సందులోకి వెళ్ళి, తలెత్తి చూస్తే సరిపోతుంది. కానీ నా ఇంటి గోడను నేను దొంగలా తొంగి చూడటమా? ఆ పని నా తండ్రి నాకు నేర్పలేదు.

కర్ర తీసుకుని గేటు దాటాను. బండల మీద చప్పుడు మలుపు దాకా వినపడేలాగే నడిచాను.